జమ్మి నీడలో జోధ్‌పూర్

రాజస్థాన్‌లో థార్ ఎడారి అంచున రాథోడ్ రాజులు కట్టుకున్న రాజధాని జోధ్‌పూర్. కోట, మేడలు, నీలం గోడలు అందరూ చూసేవే. ఆ ఊరిని నిలబెట్టిన నీళ్లు, చెట్లు, పనిచేసే చేతుల గురించి ఈ కథనం.

కొండ మీద ఒంటరిగా బతుకుతున్న ఒక సాధువును ఖాళీ చేయించి కోట కట్టడం మొదలుపెట్టాడు రావ్ జోధా. పక్షులకు గింజలు వేస్తూ కాలం గడిపే ఆ సాధువు పేరు చిడియానాథ్‌జీ. కోపంతో కొండ దిగిపోతూ ‘నీ రాజ్యానికి నీటికరువు తప్పదు’ అని శపించాడట. 1459 నాటి మాట ఇది. శాపానికి జడిసిన జోధా, సాధువు తపస్సు చేసుకున్న గుహ పక్కనే గుడి కట్టించాడు. ఆ గుడి ఇప్పటికీ కోటలో ఉంది. నీటికరువూ వందల ఏళ్లు అక్కడే ఉంది.

జోధ్‌పూర్‌లో ఏడాదికి కురిసే వాన సగటున 36 సెంటీమీటర్లు. కరువుకు మారుపేరుగా మనం చెప్పుకునే అనంతపురంలో కూడా 55 దాకా కురుస్తుంది. అంత తక్కువ వానతో ఐదున్నర శతాబ్దాలు దాటి ఒక రాజధాని ఎలా బతికింది? యుద్ధాలు చేసింది, బొమ్మలు గీయించింది, బట్టలకు రంగులద్దింది, పెళ్లిళ్లు చేసింది. వీటన్నిటికీ నీళ్లు ఎక్కడివి? నీడ ఎక్కడిది? తిండి ఎక్కడిది? జోధ్‌పూర్ వెళ్లేవాళ్లు ఈ ప్రశ్నలు వెంటబెట్టుకుని వెళ్లాలని నా కోరిక. రాజుల పేర్లూ తేదీలూ గైడ్లు ఎలాగూ చెబుతారు.

పక్షుల కొండ మీద

మెహరాన్‌గఢ్ కోటను కింద నుంచి చూస్తే కొండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఊరికి దాదాపు 400 అడుగుల ఎత్తున నిలిచిన ఈ రాయి అగ్నిపర్వతాల లావా గడ్డకట్టగా ఏర్పడింది. వయసు సుమారు 75 కోట్ల ఏళ్లు. ఆ లావారాయి మీద ఇసుకరాయి పొర వచ్చి కూర్చున్న చోటును జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా కాపాడుతున్నారు. కోటకు వచ్చేవాళ్లలో చాలామంది దాని పక్కనుంచే, చూడకుండానే, పైకి వెళ్లిపోతారు.

కోటలోకి ఎక్కే దారి పొడవునా ద్వారాలు. వాటిని అక్కడ ‘పోల్’ అంటారు. జయ్ పోల్‌ను 1806లో మహారాజా మాన్‌సింగ్ జయపూర్, బికనేర్ సేనల మీద గెలుపునకు గుర్తుగా కట్టించాడు. ఫతే పోల్ అంతకు వందేళ్ల ముందుది. మొఘలుల చేతిలోంచి జోధ్‌పూర్‌ను తిరిగి దక్కించుకున్న అజిత్‌సింగ్ కట్టించింది. ఈ అజిత్‌సింగ్ కథ సినిమాను మించినది. తండ్రి జస్వంత్‌సింగ్ దూరాన జమ్‌రూద్‌లో చనిపోయాక పుట్టిన పసివాణ్ని ఔరంగజేబు కళ్లుగప్పి దుర్గాదాస్ రాథోడ్ దాటించాడు, పెంచాడు. ఔరంగజేబు చనిపోయిన 1707లో ఆ బాలుడే పెరిగి పెద్దవాడై కోటలో అడుగుపెట్టాడు. మార్వాడ్‌లో దుర్గాదాస్ పేరు రాజుల పేర్ల కంటే గౌరవంగా పలుకుతారు. మధ్యలో మరో ద్వారం గోడ మీద జయపూర్ ఫిరంగిగుండ్లు తగిలిన గుంటలు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి.

ఆఖరుది లోహా పోల్. ఏనుగులు పరుగెత్తుకొచ్చి తలుపును ఢీకొట్టే వీలు లేకుండా దాని ముందు దారిని మలుపు తిప్పేశారు. తలుపు నిండా ఇనుప మేకులు. పక్కన గోడ మీద వరసగా చిన్న చిన్న అరచేతి గుర్తులు. 1843లో మాన్‌సింగ్ చనిపోయినప్పుడు చితి ఎక్కిన రాణుల చేతులవి. వాటికి సిందూరం పూసి ఉంటుంది, పూలు పెడతారు. అక్కడ దండం పెట్టేవాళ్ల నమ్మకాన్ని నేను కాదనను. కానీ ఆ చేతులు మరీ చిన్నవి. వాటిముందు నాకు చేతులు జోడించాలనిపించలేదు. దుఃఖం వచ్చింది.

ఇంకో పేరు కూడా ఈ కోటలో గుర్తుపెట్టుకోవాలి. కోటకు కీడు తగలకూడదంటే పునాదిలో మనిషి బలి కావాలన్నారట. రాజారామ్ మేఘ్‌వాల్ అనే దళితుడు ప్రాణాలతో పునాదిలోకి దిగాడు. అతని వంశాన్ని తన వంశం చూసుకుంటుందని జోధా మాటిచ్చాడని, రాజ్‌బాగ్ పేరుతో ఇచ్చిన భూమిలో ఆ కుటుంబం తరాలుగా ఉంటూ వచ్చిందని చెబుతారు. అతని పేరుతో కోటలో శిలాఫలకం ఉంది. ఇష్టపడే దిగాడంటారు. ఆ కాలంలో రాజు అడిగితే మేఘ్‌వాల్ కులస్థుడు కాదనగలడా? ఆ రాయి దగ్గర ఒక్క నిమిషం ఆగి ఈ ప్రశ్న వేసుకోకుండా ముందుకు వెళ్లకూడదని నా అభిప్రాయం.

లోపలికి వెళ్లాక మాత్రం కళ్లకు పండగే. షాజహాన్ కానుకగా ఇచ్చిన వెండి అంబారీ, అభయ్‌సింగ్ కాలపు బంగారు నగిషీల ఫూల్ మహల్, ముత్యంలా మెరిసే సున్నపు గోడల మోతీ మహల్, తఖత్‌సింగ్ పడకగదిలో కప్పు నుంచి వేలాడే రంగురంగుల గాజుగోళాలు. అంతఃపురం వైపు రాతి జాలీలను తీరిగ్గా చూడండి. ఇసుకరాయిని తొలిచి దారపుపని చేసినట్టు చెక్కారు. లోపలి ఆడవాళ్లు బయటకు కనపడకూడదన్నది దానికి ఒక కారణం. రెండో కారణం గాలి. సన్నని రంధ్రాలు ఎండను ఆపి, గాలిని మాత్రం లోపలికి రానిస్తాయి. మే నెల మధ్యాహ్నం కూడా జాలీ పక్కన కూర్చుంటే ఒళ్లు తెరిపిన పడుతుంది.

1972లో మహారాజా గజ్‌సింగ్ ట్రస్టు ఏర్పాటు చేసి కోటను మ్యూజియంగా మార్చబట్టి ఇవన్నీ మన కళ్లకు మిగిలాయి. మాన్‌సింగ్ 1805లో మొదలుపెట్టిన చేతిరాత గ్రంథాల భాండారం కూడా ఇక్కడే ఉంది. ఆయన నాథయోగుల భక్తుడు. ఆయన కొలువులో చిత్రకారులు గీసిన బొమ్మల్లో సృష్టికి ముందరి శూన్యాన్ని చూపడానికి కాగితమంతా బంగారం పూసి వదిలేసినవి ఉన్నాయి. 19వ శతాబ్దపు తొలినాళ్లలో, ఎడారి కోటలో కూర్చుని, ఏమీ లేకపోవడాన్ని బొమ్మగా గీయాలని తోచిన ఆ చిత్రకారులకు ఎంత మొక్కినా తక్కువే.

శాపానికి విరుగుడు

కోట మొదలైన ఏడాదే రావ్ జోధా భార్య, హాడా వంశపు రాణి జస్మాదే, కోట కింద రాణీసర్ చెరువు తవ్వించింది. దాని పక్కనే పదమ్‌సర్. రాజు కోట కడుతుంటే రాణి చెరువు తవ్వించడం నాకు ఈ ఊరి చరిత్రలోకెల్లా గొప్ప సంగతిగా తోస్తుంది. చుట్టూ ఉన్నది నీరు ఇంకని రాతినేల. పడ్డ వాన పడ్డట్టే జారిపోతుంది. ఆ లోపాన్నే లాభంగా మార్చుకున్నారు. కొండల మీద రాతిలో కాలువలు తొలిచి, ప్రతి చుక్కనూ చెరువుల్లోకి మళ్లించారు. ఊళ్లో బావులు, మెట్లబావులు, చెరువులు ఒకదానికొకటి ఊటతో అందుకునేలా తవ్వుకున్నారు. పైన చెరువు నిండితే కింద వీధిలో బావి ఊరేది.

మెట్లబావిని అక్కడ ఝాల్రా, బావ్‌డీ అంటారు. పాత ఊళ్లో తూర్‌జీ కా ఝాల్రా ఒక్కటి చూసినా చాలు. 1740ల్లో అభయ్‌సింగ్ రాణి కట్టించింది. ఎర్ర ఇసుకరాతి మెట్లు మూడు వైపుల నుంచి తలకిందుల పిరమిడ్లలా దిగుతాయి. నీటిమట్టం ఎంత తగ్గినా బిందె ముంచుకోవడానికి ఒక మెట్టు దొరుకుతుంది. ఎడారి రాణులు నగలు చేయించుకున్నారు, నిజమే. కానీ వాళ్ల పేర్లు నిలిచింది ఇలాంటి బావుల మీదే. మన దగ్గరా దొరసానులు తవ్వించిన చెరువులు, కోనేర్లు ఎన్ని లేవు!

ఈ ఝాల్రా దశాబ్దాల పాటు మురుగునీటిలో మునిగి, చెత్తకుండీగా మారింది. కొన్నేళ్ల కిందట నీళ్లు తోడి, రాళ్ల మీద పేరుకున్న మడ్డిని ఓపికగా తొలగించి బాగుచేశారు. ఇప్పుడు సాయంత్రాలు పిల్లలు పైమెట్ల మీంచి దూకి ఈదుతుంటారు.

బావులు ఎందుకు పాడయ్యాయో కూడా చెప్పుకోవాలి. 1990ల్లో ఇందిరాగాంధీ కాలువ నుంచి రాజీవ్‌గాంధీ ఎత్తిపోతల కాలువ ద్వారా జోధ్‌పూర్‌కు నీళ్లు వచ్చాయి. పంజాబ్‌లో సట్లెజ్, బియాస్ కలిసేచోటు నుంచి బయల్దేరిన నీరు, చివరి 200 కిలోమీటర్లు పంపుల మీద ఎక్కి వస్తుంది. శాపం తీరిందని జనం సంబరపడ్డారు. పడాల్సిందే. బిందె నెత్తిన పెట్టుకుని నడిచిన ఆడవాళ్ల కష్టం ఆ కొళాయి తీర్చింది. కానీ కొళాయి రాగానే బావుల వైపు చూసేవాళ్లు లేకపోయారు. పాత నీళ్లు తోడేవాళ్లు లేరు, కొత్త నీళ్లు రోజూ ఇంకుతున్నాయి. ఫలితం, ఎడారి నగరంలో భూగర్భజలం పైకి ఎగదన్నుకొచ్చింది. పాత ఊళ్లో దుకాణాల నేలమాళిగల్లోకి నీళ్లు ఊరుతుంటే పంపులు పెట్టి బయటకు తోడుతున్నారు. తరతరాల అనుభవంతో తవ్విన బావులను తిరిగి వాడకంలోకి తేవడమే దీనికి సరైన మందు. తూర్‌జీ బావిని బాగుచేసిన ఊరు మిగతావాటినీ బాగుచేయగలదు.

నీలం గోడలు

కోట బురుజు మీంచి కిందికి చూస్తే బ్రహ్మపురి, నవ్‌చౌకియా పేటల్లో నీలం ఇళ్లు కనిపిస్తాయి. బ్రాహ్మల ఇళ్లకు గుర్తుగా మొదలైందంటారు కొందరు, చెదలు పట్టకుండా సున్నంలో మందు కలిపేవారంటారు ఇంకొందరు, ఎండకు చల్లదనమని మరికొందరు. అన్నిట్లోనూ నిజం ఉండొచ్చు. ఒకటి మాత్రం ఖాయం, సున్నంలో నీలిరంగు కలిపి వేసిన పూత గోడకు ఊపిరాడనిస్తుంది, వేడిని తగ్గిస్తుంది. ఇప్పుడు సిమెంటు గోడలు, డబ్బా రంగులు వచ్చి ఆ నీలం ఏటేటా తగ్గిపోతోంది. నీలం నగరమన్న పేరుతో ఊరంతా సంపాదిస్తోంది కాబట్టి, ఏటా సున్నం వేయించుకునే ఖర్చు ఆ ఇళ్లవాళ్ల మీదే వదిలేయడం న్యాయం కాదు.

ఇదే నేలమీద నీలం బట్ట తొడగని జనం కూడా ఉన్నారు. వాళ్లను చూడటానికి ఊరు దాటి వెళ్లాలి.

తలలిచ్చి నిలిపిన జమ్మి

జోధ్‌పూర్‌కు ఆగ్నేయంగా పాతిక కిలోమీటర్ల దూరంలో ఖేజర్లీ అనే పల్లె. అక్కడ విరివిగా పెరిగే ఖేజ్‌డీ చెట్ల వల్ల ఆ పేరు వచ్చింది. ఖేజ్‌డీ అంటే మరేదో కాదు, మన జమ్మి చెట్టు. పాండవులు ఆయుధాలు దాచారని చెప్పుకునే చెట్టు. దసరానాడు ఆకు తెంపి, బంగారమని చేతిలో పెట్టి పెద్దల కాళ్లకు దండం పెట్టే చెట్టు. తెలంగాణకూ, రాజస్థాన్‌కూ రాష్ట్రవృక్షం ఇదే.

1730లో మహారాజా అభయ్‌సింగ్‌కు కొత్త మేడ కట్టుకోవాలనిపించింది. సున్నం కాల్చడానికి కట్టెలు కావాలి. దివాన్ గిరిధర్ భండారీ మనుషులు గొడ్డళ్లతో ఖేజర్లీకి వచ్చారు. అది బిష్ణోయీల పల్లె. 1485లో, భయంకరమైన కరువు తర్వాత, గురు జాంభోజీ చెప్పిన 29 నియమాలతో బతికే జనం వాళ్లు. పచ్చని చెట్టు కొట్టకూడదు, జీవాన్ని చంపకూడదు, నీలం బట్ట కట్టకూడదు అన్నవి ఆ నియమాల్లో ఉన్నాయి. కట్టె వృథా కాకూడదని చనిపోయినవాళ్లను కాల్చరు, పూడ్చిపెడతారు.

అమృతాదేవి అనే తల్లి తన వాకిట్లోని చెట్టును కావలించుకుని నిలబడింది. లంచమిస్తే వదిలేస్తామన్నారట రాజు మనుషులు. తల తెగినా చెట్టు మిగిలితే చాలంది. తల తెగింది. ఆమె వెనుక ముగ్గురు కూతుళ్లు, ఆసు, రత్ని, భాగు, ఒకరి తర్వాత ఒకరు అదే చెట్టును వాటేసుకున్నారు. కబురు ఊరూరా పాకింది. చుట్టుపక్కల పల్లెల బిష్ణోయీలు వచ్చి తలా ఒక చెట్టును పట్టుకుని నిలబడ్డారు. మొత్తం 363 మంది చనిపోయారు. సంగతి తెలిసి రాజు చెట్లు కొట్టడం ఆపించాడు. బిష్ణోయీల పల్లెల్లో ఇకమీదట చెట్టు కొట్టడం, వేటాడటం నేరమని శాసనం ఇచ్చాడు.

అదే అభయ్‌సింగ్ ఫూల్ మహల్‌కు బంగారు నగిషీలు చెక్కించాడు, ఆయన రాణే తూర్‌జీ బావి కట్టించింది. కోటలో ఆ గది చూసి ముచ్చటపడ్డవాళ్లు ఖేజర్లీకి కూడా రావాలని అందుకే అంటున్నాను. మేడ మెరుపుకూ, ఇక్కడి నెత్తురుకూ మధ్య ఉన్నది పాతిక కిలోమీటర్లే.

ఖేజర్లీలో స్మారకం ఉంది, గుడి ఉంది, చుట్టూ జమ్మిచెట్లు ఉన్నాయి. ఏటా భాద్రపద శుద్ధ దశమినాడు మేళా జరుగుతుంది. తెల్లటి పంచె, తలపాగాల్లో మగవాళ్లు, ఎర్రటి ఓఢ్నీల్లో ఆడవాళ్లు వేలమంది వస్తారు. 1970ల్లో హిమాలయాల్లో చిప్కో ఉద్యమం లేచినప్పుడు జనం గుర్తుచేసుకున్నది వీళ్లనే. దేశమంతటా సెప్టెంబర్ 11న అటవీ అమరవీరుల దినం జరపడమూ ఈ బలిదానం జ్ఞాపకంగానే. ఆ పొలాల్లో కృష్ణజింకలు మనుషులకు బెదరకుండా మేస్తుంటాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు అది. 

అసలు ఒక చెట్టుకోసం ప్రాణాలెందుకివ్వాలి? ఎడారి రైతును అడిగితే భక్తి సంగతి తర్వాత, ముందు లెక్క చెబుతాడు. జమ్మి వేరు నీటికోసం ఎంత లోతుకైనా దిగుతుంది, పైపైన పంట తాగే తడిని ముట్టుకోదు. దాని నీడన సజ్జ బలంగా పెరుగుతుంది. ఆకు మేకకు, ఒంటెకు మేత. ఎండాకాలం పచ్చికాయలు సాంగ్రీ. కోసి ఎండబెట్టుకుంటే ఏడాదంతా కూర. విక్రమ శకం 1956లో, అంటే 1899-1900లో, వచ్చిన మహాకరువును అక్కడ ఛప్పనియా అకాల్ అని ఇప్పటికీ తలుచుకుంటారు. తినడానికి ఏమీ మిగలనప్పుడు జనం జమ్మి బెరడు దంచి రొట్టె చేసుకుని ప్రాణం నిలుపుకున్నారు.

ఆ సాంగ్రీని కేర్ అనే ఎడారి పొద కాయలతో కలిపి నూనెలో మగ్గబెట్టిన కూర ఇప్పుడు పెళ్లివిందుల్లో గొప్ప వంటకం. కొంచెం పులుపు, కొంచెం వగరు, ఎండుమిరప ఘాటు. సజ్జ రొట్టెతో తినాలి. ఆ ఘాటు మథానియా మిరపది. గుంటూరు కారం తిన్న నాలుకకు మథానియా మెత్తగానే అనిపిస్తుంది, దాని గొప్పతనం రంగులో ఉంది. బజారులో మిర్చీబడా, మఖనియా లస్సీ రుచి చూడని తెలుగువాడు ఎలాగూ తిరిగి రాడు.

చెట్ల మాట వచ్చింది కనుక కోట వెనుక వైపు రావ్ జోధా డెజర్ట్ రాక్ పార్కు గురించీ చెప్పాలి. 1930ల్లో ఎడారిని పచ్చగా చేద్దామని అప్పటి రాజు విమానంలోంచి విదేశీ తుమ్మ విత్తనాలు చల్లించాడంటారు. అదే మన సర్కారు తుమ్మ. మన చెరువు గర్భాల్ని మింగినట్టే అక్కడి రాతినేలనూ మింగేసింది. 2006లో పర్యావరణవేత్త ప్రదీప్ కృషెణ్ ఆధ్వర్యంలో దాన్ని పెరికే పని మొదలైంది. కోసినకొద్దీ చిగురించే మొండి మొక్క అది, రాతిలో మూరెడు లోతుకు తవ్వి వేరు తీస్తేనే చస్తుంది. ఆ పనికి ఖండ్‌వాలియాలు వచ్చారు. తరాలుగా రాతిపని చేసే కుటుంబాలవి. సుత్తితో బండను తట్టి, మోగిన చప్పుడును బట్టి రాయి ఎక్కడ బలహీనంగా ఉందో చెబుతారు. వాళ్లు చెప్పినచోట తవ్వి తుమ్మను తీసి, అదే గుంతలో ఎడారి మొక్కను నాటారు. 2011లో జనానికి తెరిచిన 70 హెక్టార్ల ఆ పార్కులో ఇప్పుడు జెముళ్లు, గడ్డిజాతులు, ఎడారి పొదలు తమ సొంత నేలమీద పెరుగుతున్నాయి. సర్కారు తుమ్మతో విసిగిపోయిన మన ఊళ్లవాళ్లు వెళ్లి చూసి నేర్చుకోవాల్సిన పని ఇది.

ముడి విప్పితే చీర

ఘంటాఘర్ అనే గడియార స్తంభం చుట్టూ ఉన్న సర్దార్ మార్కెట్‌లో లేని వస్తువు లేదు. మసాలాలు, లక్కగాజులు, ముందు కొస పైకి తిరిగిన తోలు మోజ్రీలు, ఇత్తడి సామాను. కానీ పని చూడాలంటే గల్లీల్లోకి వెళ్లాలి.

బాంధనీ చీర తయారవుతున్నప్పుడు చూసినవాళ్లు దాన్ని మళ్లీ మామూలుగా కట్టుకోలేరు. ఆడవాళ్లు ఇంటి వసారాలో కూర్చుని, చిటికెన వేలి గోటితో బట్టను చిన్న మొనలా పైకెత్తి, దారం చుట్టి ముడి వేస్తారు. ఆవగింజంత ముడి. ఒక్క చీరకు వేలల్లో ముళ్లు. మొదట లేతరంగు, మళ్లీ ముళ్లు, ఆపైన ముదురురంగు. అలా ఒక్కో రంగుకూ ముళ్లు వేస్తూ పోవాలి. రంగు వేసేవాళ్లు రంగరేజ్‌లు. వీళ్లలో ఎక్కువమంది ముస్లింలు. హిందువుల పెళ్లికూతురి ఎర్ర చునరీ, బాలింతకు పుట్టింటివాళ్లు తెచ్చే పసుపు పీలియా వాళ్ల గిన్నెల్లోంచే వస్తాయి. పోచంపల్లి, పుట్టపాకల్లో మనవాళ్లు నేసేముందు నూలుకు చిటికి కడతారు. ఇక్కడ నేసిన బట్టకు కడతారు. ఓర్పు రెండుచోట్లా ఒకటే.

నిఖార్సైన బాంధనీని ముళ్లతోనే అమ్ముతారు. కొనేవాళ్ల ఎదుట ఇద్దరు చెరో కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే దారాలు టపటపా రాలి, బట్ట ముడతలు ముడతలుగా విచ్చుకుంటుంది. ఆ ముడతలు, చుక్కల అంచుల్లోని చిన్న చిన్న వంకరలే అది చేతిపని అనడానికి సాక్ష్యం. చుక్కలన్నీ ఒకే అచ్చులా, బట్ట నున్నగా ఉంటే అది యంత్రం మీద ముద్రించినది. దాన్ని బాంధనీ పేరుతో అమ్మడం ముడివేసే చేతుల కడుపుకొట్టడమే.

ఊరికి దక్షిణాన సలావాస్ పల్లెలో దరీలు నేస్తారు. మన జంపఖానాల్లాంటివే. నేలకు సమాంతరంగా పరిచిన మగ్గం, ఇద్దరు నేతగాళ్లు పక్కపక్కన నేలమీద కూర్చుని పేక దూరుస్తూ, ‘పంజా’ అనే ఇనుప దువ్వెనతో దబ్‌దబ్‌మని బిగిస్తారు. నమూనా కాగితం మీద ఉండదు, తల్లోనే ఉంటుంది. పడుగు నూలు, పేక నూలు గానీ ఉన్ని గానీ, ఒక్కోసారి ఒంటె వెంట్రుక. పెద్ద దరీ దిగాలంటే వారాలు, నెలలు పడుతుంది. నేను వెళ్లిన ఇంటి పెద్దాయన ‘పధారో సా’ అని కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, పంజా నా చేతికిచ్చి కొట్టమన్నారు. నేను బిగించిన వరసను నవ్వుతూ ఊడదీసి మళ్లీ వేశారు. మావైపు కూడా ఇలాంటివి నేస్తారని వరంగల్ కొత్తవాడ గురించి చెబితే, మగ్గం ఎలా ఉంటుంది, రోజుకెంత గిడుతుందని అడిగారు. రెండో ప్రశ్నకు నా దగ్గర సంతోషంగా చెప్పగలిగే జవాబు లేదు. కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చినంత మాత్రాన నేసేవాడి కూలి పెరగదు. కొనేవాడు నేరుగా మగ్గం దగ్గరికి వస్తేనే పెరుగుతుంది. సలావాస్‌లో కొందరికి ఆ దారి దొరికింది. యాత్రికులు ఇళ్లకే వస్తున్నారు, కొన్నదాన్ని వాళ్ల ఊళ్లకు పంపే ఏర్పాట్లు నేతగాళ్లే చేసుకున్నారు. కొత్తవాడకూ అలాంటి దారి వేయడం అంత కష్టమైన పనేం కాదు.

కరువులో లేచిన మేడ

ఊరికి మరో కొసన, గుట్టమీద ఉమైద్ భవన్. 1920ల్లో వరసగా వానలు ముఖం చాటేసినప్పుడు జనానికి పని కల్పించడానికి మహారాజా ఉమైద్‌సింగ్ 1929లో మొదలుపెట్టించాడు. 1943 దాకా సాగింది. 347 గదులు. లండన్ వాస్తుశిల్పి లాంచెస్టర్ గీసిన నమూనా, స్థానిక ఇసుకరాయి, రాయిలో రాయి గాడిపెట్టి బిగించిన కట్టుబడి. రెండో ప్రపంచయుద్ధంలో దేశం వదిలి వచ్చిన పోలండ్ చిత్రకారుడు నోర్‌బ్లిన్ లోపల రామాయణ ఘట్టాలు గీశాడు. కరువు పని పేరుతో రాజు తనకు మేడ కట్టుకోవడం సబబా, ఆ డబ్బుతో చెరువులు తవ్వించి ఉండకూడదా అన్న ప్రశ్న నాకైతే ఉంది. వేలమంది ఇళ్లల్లో పొయ్యి వెలిగిందన్నదీ నిజమే. ఇప్పుడందులో కొంతభాగం హోటల్, కొంత మ్యూజియం, కొంత రాజకుటుంబం నివాసం. చూడటానికి గంట చాలు.

హైదరాబాద్‌వాళ్లకు జోధ్‌పూర్‌తో ఇంకో బంధం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1918 సెప్టెంబర్ 23న, గుర్రాల మీద ఈటెలతో దూసుకెళ్లి, మరఫిరంగుల కాపలా ఉన్న, ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫా పట్టణాన్ని జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు గెలిచారు. జోధ్‌పూర్ దళాన్ని నడిపిన మేజర్ దల్‌పత్‌సింగ్ ఆ దాడిలో చనిపోయాడు. అదే బ్రిగేడ్‌లో హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులవే.

వెళ్లాలనుకుంటే

అక్టోబర్ నుంచి మార్చి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. అక్టోబర్‌లో శరత్ పూర్ణిమ రోజుల్లో కోటలో జానపద సంగీతోత్సవం జరుగుతుంది. లంగా, మాంగణియార్ గాయకులను వాళ్ల నేలమీద వినడం మరచిపోలేని అనుభవం. కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి నేరుగా రైలుంది. కోటకు ఒక పూట, పాత ఊరి బావులకు, నీలం గల్లీలకు ఒక పూట పెట్టుకోండి. ఖేజర్లీకి, సలావాస్‌కు కలిపి పూర్తిగా ఒక రోజు ఇవ్వండి. రెండూ ఇంచుమించు ఒకే దిక్కున ఉన్నాయి, ఒక్క బండి మాట్లాడుకుంటే సరిపోతుంది.

ఏదైనా కొనాలనిపిస్తే చేసిన మనిషి చేతిలోంచే కొనండి. ధర చెప్పగానే బేరానికి దిగకండి. ముందు, అది చేయడానికి ఎన్ని రోజులు పట్టిందో అడగండి.